ముసఫ్ఫా షెడ్డులో బెండింగ్ పని

అబుదాబి శివార్లలోని ముసఫ్ఫా పారిశ్రామికవాడలో నీటి ట్యాంకులు, డక్టులు, మెట్ల రెయిలింగులు, చమురు క్షేత్రాలకు వెళ్లే ఉక్కు చట్రాలు తయారుచేసే ఫ్యాబ్రికేషన్ షెడ్లు ఏ వీధిలో చూసినా కనిపిస్తాయి. అలాంటి ఒక షెడ్డులో నేను ఉక్కు షీట్లను వంచే బెండింగ్ మెషీన్ ఆపరేటరుని. జీడిమెట్లలో నేర్చుకున్న పనే కనుక యంత్రం గురించి ఇక్కడ కొత్తగా తెలుసుకున్నది తక్కువ. దాని ముందు నిలబడే మనుషుల హోదా, భాష, అప్పు కలిసి ప్రమాదాన్ని ఎలా పెంచుతాయో మాత్రం ఇక్కడే అర్థమైంది.

షీటును పై నుంచి నొక్కేది పంచ్, కింద దాన్ని ఆనించే గాడి ఉన్న ఉక్కు దిమ్మ డై. బెండింగులో మొదటి లెక్క ఆ డై గాడిది. ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఉక్కు) షీటు మందానికి దాదాపు 8 రెట్ల వెడల్పున్న గాడిని ఎంచుకోవడం వాడుక. 6 మి.మీ. షీటుకు 50 మి.మీ. గాడి వేస్తే మీటరు పొడవుకు సుమారు 47 టన్నుల బలం పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలైతే దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు కావాలి. పలుచటి షీటు కోసం బిగించిన ఇరుకు గాడిలోనే ఈ మందపు షీటును పెట్టి పెడల్ తొక్కితే డై పగిలి ముక్కలు ఎగరవచ్చు. తెలియక అలా చేసేవాళ్లు తక్కువే. డై మార్చే సమయాన్ని ఫోర్‌మన్ వృథాగా లెక్కేస్తాడన్న భయంతో చేసేవాళ్లే ఎక్కువ. ఏ పీసు ఎలా చేయాలో రాసి ఇచ్చే జాబ్ కార్డులను ఆర్డర్లు వచ్చిన వరుసలో కాకుండా షీటు మందాన్ని బట్టి పేర్చి, ఒక డై బిగించాక దానికి సరిపోయే పనులన్నీ ముగిస్తే, డై మార్పులు తగ్గుతాయి, రోజుకు దిగే పీసులు పెరుగుతాయి, ఆ భయానికీ చోటుండదు.

పొడవాటి షీటును ఇద్దరు పట్టుకున్నప్పుడు పెడల్ ఒక్కరి కాలి కిందే ఉండాలి. వంగేటప్పుడు షీటు బయటి అంచు చటుక్కున పైకి లేస్తుంది కనుక హెల్పరు దాన్ని కింది నుంచి ఆనించి లేపాలే తప్ప, షీటుకు, యంత్రం పైభాగానికి నడుమ వేళ్లు పెట్టకూడదు, ముఖం వంచి చూడకూడదు. వేగంగా దిగే పంచ్ ముందు లైట్ కర్టెన్, అంటే చెయ్యి అడ్డొస్తే యంత్రాన్ని ఆపేసే కాంతి కిరణాల తెర, ఉంటుంది. అయితే పెట్టె ఆకారపు పీసులు వంచేటప్పుడు వాటి అంచులే కాంతికి అడ్డుపడి యంత్రం ఆగిపోతుంటుంది కాబట్టి, తాళంచెవి తిప్పి కర్టెన్‌ను ఆపేస్తారు. ఆ పని అయ్యాక మళ్లీ వేయడం మరిచిపోతారు. తాళంచెవి ఎప్పుడూ యంత్రానికే వేలాడుతుంటే కర్టెన్ ఉన్నా లేనట్టే.

గ్రైండరు సంగతి ఇంకా ఘోరం. నిమిషానికి సుమారు 6,600 చుట్లకు మాత్రమే తట్టుకునే 9 అంగుళాల డిస్కును, గార్డు (డిస్కును కప్పే రక్షణ కవచం) ఊడదీసి, 8,500 చుట్లు తిరిగే 7 అంగుళాల మెషీనుకు బిగిస్తారు. డిస్కు మీద ఆ అంకె అచ్చువేసే ఉంటుంది.

ఇవన్నీ పని మొదలుపెట్టే ముందు భద్రత గురించి చెప్పే టూల్‌బాక్స్ టాక్‌లో చెబుతారు. చెప్పేది ఇంగ్లీషులో, కాస్త హిందీలో; జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో నిన్ననే దిగిన కుర్రాడు అర్థం కాకపోయినా సంతకం పెడతాడు. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు వడ్డీ పెరుగుతుంటే, వీసా కంపెనీ చేతిలో ఉంటే, గార్డు లేని మెషీను ముట్టుకోనని వాడు ఎలా అనగలడు? 2021 నాటి కార్మిక చట్టం మామూలుగా రోజుకు 2 గంటలకు మించి ఓవర్‌టైమ్ వద్దంటుంది. ఇంకో గంట కావాలని అడిగేది, నిజం చెప్పాలంటే, మేమే. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని నిషేధమైనా, రేకుల కప్పు కింద ఉన్న మాకు ఆ విరామం లేదు. చెమటకు తడిసిన గ్లవ్స్‌లో షీటు జారే వేళ అదే.

అందుకని కొత్తగా వచ్చిన హెల్పరుకు పని చెప్పేముందు ఖాళీగా నడుస్తున్న యంత్రం ఎమర్జెన్సీ బటన్‌ను వాడి చేతే నొక్కిస్తాను, పక్కన ఫోర్‌మన్ ఉన్నప్పుడే. మొదట్లో ఆయన విసుక్కున్నాడు. యంత్రాన్ని రీసెట్ చేసి మళ్లీ నడపడానికి ఎంత తక్కువసేపు పడుతుందో చూశాక ఊరుకున్నాడు. ఇప్పుడు జాబ్ కార్డులను ముందు రోజు సాయంత్రమే మందాల వారీగా పేర్చి ఇస్తున్నాడు. కర్టెన్ తాళంచెవిని మాత్రం ఇంకా తన జేబులో పెట్టుకోవడం లేదు.