అంకె మీద అంకె పడిన రివాల్వర్లకు ఎంత విలువ ఇవ్వాలి?

మోడల్ సంఖ్యలో ఏ చిన్న తేడా కనిపించినా ఆ తుపాకి అరుదైనదేనన్న నమ్మకం పాత స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లను సేకరించేవారిలో బలంగా ఉంది. ఇందులో సగమే నిజమని నా అభిప్రాయం.

అమెరికాకు చెందిన ఆ కంపెనీ తన రివాల్వర్లకు మోడల్ సంఖ్యలు ఇవ్వడం 1957లో మొదలుపెట్టింది. అంతవరకు మిలిటరీ అండ్ పోలీస్ అన్న పేరుతో అమ్ముడైనది మోడల్ 10 అయింది, కంబాట్ మాగ్నమ్ మోడల్ 19 అయింది. తూటాలు పెట్టే సిలిండర్‌ను పక్కకు తెరిస్తే తప్ప కనబడని చోట, ఆ సిలిండర్‌ను మోసే చేయి లాంటి యోక్ ఆనుకొనే ఫ్రేము భాగం మీద ఈ సంఖ్యను కొట్టేవారు. నిర్మాణంలో చెప్పుకోదగ్గ మార్పు చేసినప్పుడు దాని పక్కన గీత పెట్టి మరో అంకె చేర్చేవారు. మోడల్ 29లో బ్యారెల్‌ను పట్టి ఉంచే పిన్నునూ, తూటా అంచు లోపలికి ఇమిడేలా సిలిండర్ గదుల వెనుక తీసే పల్లాన్నీ 1982లో మానేయడంతో 29-2 కాస్తా 29-3 అయింది.

మార్పు వచ్చిందని, అప్పటికే సంఖ్య కొట్టి ఉంచిన ఫ్రేములను ఏ కర్మాగారమూ పారేయదు. పనికివచ్చే ఫ్రేము మీద పాత అంకెపైనే కొత్త అంకె కొట్టి వాడుకుంటుంది. భూతద్దం పెట్టి చూసినప్పుడు 3 వంపు కింద నుంచి 2 అడుగు గీత బయటికి వచ్చి కనిపిస్తే, ఆ ఫ్రేము రెండు పద్ధతుల సంధికాలానిదై ఉండవచ్చు. కాని మిగతా భాగాలు కూడా అదే చెప్పాలి. అంకె 3 అయి ఉండి బ్యారెల్‌కు పిన్ను, గదులకు పల్లం ఉంటే, భాగాలను తరువాత ఎవరో మార్చి ఉండవచ్చునన్న అనుమానం ముందుగా తీరాలి. ఉక్కు తుప్పు పట్టకుండా వేసే బ్లూయింగ్ నలుపు అంకె గాడిలోకి దిగిందా, లేక గాడి అంచున లేచిన లోహం ఇంకా మెరుస్తోందా అన్నది కూడా చూడవలసిందే; మెరుస్తుంటే ఆ అంకె బ్లూయింగ్ తరువాత కొట్టినది కావచ్చు.

ముద్రకూ వస్తువుకూ పొంతన లేకపోవడమే విలువ తెచ్చిన సందర్భమూ ఉంది. మోడల్ 10 అంటే సాధారణంగా .38 స్పెషల్ అనే రకం తూటాకు చేసిన రివాల్వర్. న్యూయార్క్ స్టేట్ పోలీసుల కోసం అంతకంటే శక్తిమంతమైన .357 మాగ్నమ్ తూటాకు చేసిన కొన్నింటి మీద కూడా 10-6 అనే ముద్ర పడింది. తరువాత .357 మాగ్నమ్‌లోనే వచ్చిన మోడల్ 13కు దారి వేసినవి అవే. వాటికి సేకర్తలు ఎక్కువ ఇస్తారంటే అర్థముంది, ఎందుకంటే ఆ తేడాకు ఒక కారణముంది, కొన్నవారెవరో తెలుసు.

కొత్తవారు తరచుగా పొరబడేది మరో చోట. యోక్ దగ్గర కనిపించే అసెంబ్లీ సంఖ్య పిడి అడుగున ఉన్న సీరియల్ నంబరుతో కలవకపోతే లోపమనుకుంటారు. జతపరచిన భాగాలు పనిలో చెదిరిపోకుండా కొట్టిన గుర్తు మాత్రమే అది. పాత తుపాకుల్లో సిలిండర్ మీద, బ్యారెల్ కింద ఉండే సీరియల్ నంబరు కలవకపోతే మాత్రం ధర తగ్గడం న్యాయమే. ఇక సీరియల్ నంబరునే చెరిపినదో దిద్దినదో అయితే బేరం మాటే ఉండదు, అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం అది దగ్గర ఉంచుకోవడమే నేరం.

అంకె మీద అంకె ఉందని అమ్మేవాడు అదనంగా అడిగితే, ముందుగా స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్ ఇచ్చే పత్రం తెప్పించడం మంచిది. అందులో కర్మాగారం నుంచి తుపాకి బయలుదేరిన తేదీ, చేరిన చోటు, అప్పటి దాని వివరాలు ఉంటాయి. అవి చేతిలోని తుపాకితో సరిపోతేనే కొంత ఎక్కువ ఇవ్వవచ్చు, లేకపోతే అదే స్థితిలో ఉన్న మామూలు తుపాకి ధరే దానికీ చాలు.