ఇంజన్ ఆయిల్‌లో నాణ్యత అంటే ఏమిటి?

బండిని సర్వీసింగ్‌కు ఇచ్చే ప్రతిసారీ చాలా ఇళ్లలో ఒక ప్రశ్న వస్తుంది: ఖరీదైన ఇంజన్ ఆయిల్ పోయించాలా, మామూలుది సరిపోతుందా? వాహనాల గురించి శ్రద్ధగా చదువుతానని తెలిసిన బంధువులు, సహోద్యోగులు నన్ను కూడా తరచుగా ఇదే అడుగుతుంటారు. ఆయిల్ నాణ్యత మీదే ఇంజన్ ఆయుష్షు చాలావరకు ఆధారపడి ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. అయితే ఆ నాణ్యతను ధరను బట్టి కొలవకూడదు. తయారీదారు ఆ ఇంజన్‌కు ఏ గ్రేడు, ఏ ప్రమాణం చెప్పాడో సరిగ్గా అదే ఆయిల్, కల్తీ లేకుండా, గడువు దాటకుండా పడిందా లేదా అన్నదే చూడవలసిన విషయం.

ఇంజన్ నడుస్తున్నప్పుడు, పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్ తన బేరింగుల మీద నేరుగా ఆనదు. అది తిరిగే వేగమే ఆయిల్‌ను ఇరుకు సందులోకి లాక్కుని, కొద్ది మైక్రాన్ల మందమున్న పొరగా మార్చి, ఆ పొర మీద షాఫ్ట్‌ను తేలుస్తుంది. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందని గుర్తుచేసుకుంటే ఆ పొర ఎంత పలుచనిదో అర్థమవుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిని ఉదయం స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ మళ్లీ పైకి చేరేదాకా గడిచే తొలి క్షణాల్లో ఆ పొర పూర్తిగా ఉండదు. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ దగ్గర లోహానికి లోహం తగిలే ఆ సమయంలో, ఆయిల్‌లో కలిపిన జింక్, ఫాస్ఫరస్ సమ్మేళనం లోహపు ఉపరితలం మీద ఒక రక్షణ పూత ఏర్పరచి అరుగుదలను తగ్గిస్తుంది. ఇవి కాక పిస్టన్ల వేడిని మోసుకుపోవడం, మసిని ఒకచోట పేరుకోనివ్వకుండా తనలో నిలిపి ఉంచడం, ఇంధనం మండగా పుట్టే ఆమ్లాలను తటస్థపరచడం కూడా ఆయిల్ పనులే.

ఇన్ని పనులూ ఒక్క నూనె వల్ల కావు. డబ్బాలో అధికభాగం బేస్ ఆయిల్, మిగిలినది ఈ పనుల కోసం కలిపిన రసాయనాలు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) బేస్ ఆయిల్‌ను ఐదు వర్గాలుగా విభజించింది. మొదటి రెండూ మినరల్ ఆయిల్స్, అంటే ముడి చమురును శుద్ధి చేసి తీసినవి. మూడోది ముడి చమురు నుంచే వచ్చినా హైడ్రోజన్‌తో తీవ్రంగా శుద్ధి చేసినది. మార్కెట్లో సింథటిక్ పేరుతో దొరికే సరుకులో చాలా భాగం ఇదే. నాలుగోది ప్రయోగశాల పద్ధతిలో నిర్మించిన పీఏఓ (పాలీ ఆల్ఫా ఓలెఫిన్) అనే నూనె, ఐదోది ఎస్టర్లనే రసాయనాల వంటి మిగతావన్నీ. సెమీ సింథటిక్ అన్న మాట దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం, ఎందుకంటే అందులో సింథటిక్ వాటా ఎంత ఉండాలన్న స్థిరమైన నియమం ఏదీ లేదు.

ఇక అన్నిటికంటే ఎక్కువగా నన్ను బాధపెట్టే అపోహ ఒకటి ఉంది. మా హైదరాబాద్‌లో రాణిగంజ్‌లో, జాంబాగ్‌లో, కాలనీ చివరి షెడ్డులో ఎక్కడ అడిగినా, “సార్, మన ఎండలకు పల్చటి ఆయిల్ ఆగదు, జర చిక్కటిదే పోయించుండ్రి” అన్న సలహా వినిపిస్తుంది. మెకానిక్ మంచి ఉద్దేశంతోనే చెబుతాడు, పాత ఇంజన్ల అనుభవం అతనికి అలాగే నేర్పింది కూడా. కానీ గ్రేడు అంకెలు ఏం చెబుతున్నాయో చూడండి. 10డబ్ల్యూ-30 అన్నప్పుడు డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించినది; 10డబ్ల్యూ ఆయిల్‌కు స్టార్టింగ్ పరీక్ష మైనస్ 25 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూకు మైనస్ 15 దగ్గర జరుగుతుంది. రెండో అంకెకు కొలత 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఆ వేడిలో 30 గ్రేడు చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) లోపు, 40 గ్రేడుది 12.5 నుంచి 16.3 లోపు, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 లోపు ఉండాలి.

ఇప్పుడు మన ఎండ విషయానికి వద్దాం. నీటితో చల్లబడే కారు ఇంజన్‌లో థర్మోస్టాట్ కూలెంట్‌ను సుమారు 90 డిగ్రీల దగ్గర నిలబెడుతుంది, ఆయిల్ కూడా మామూలు ప్రయాణంలో 90 నుంచి 110 డిగ్రీల మధ్యనే ఉంటుంది. బయట మే నెలలో 42 డిగ్రీలు ఉన్నా, డిసెంబరు ఉదయం 14 డిగ్రీలు ఉన్నా, వేడెక్కిన ఇంజన్‌లో ఆయిల్ ఎదుర్కొనే పరిస్థితి దాదాపు ఒకటే. గాలితో చల్లబడే మోటార్‌సైకిళ్లకు బయటి వేడి కొంత తగులుతుందన్నది నిజమే. కానీ ఆ లెక్క తయారీదారు ముందే వేసుకున్నాడు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 350 సీసీ బండ్లకు 15డబ్ల్యూ-50 చెప్పడం, యాక్టివాకు హోండా 10డబ్ల్యూ-30 చెప్పడం, మారుతి కొత్త పెట్రోల్ ఇంజన్లలో కొన్నిటికి 0డబ్ల్యూ-16 వంటి అతి పలుచని ఆయిల్ చెప్పడం, ఇవన్నీ మన దేశపు ఎండలను ఎరిగి రాసిన సూచనలే.

పలుచని ఆయిల్‌కు తగినట్టు కట్టిన ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే, నువ్వుల నూనె పోయవలసిన సన్నని గొట్టంలో ఆముదం పోసినట్టే అవుతుంది. తెల్లవారి స్టార్ట్ చేయగానే పైభాగానికి చేరడం ఆలస్యమవుతుంది, పంపు మీద భారం పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది. వాల్వుల సమయాన్ని మార్చే యంత్రాంగం ఆయిల్ ఒత్తిడితోనే పనిచేసే ఇంజన్లలో దాని స్పందన కూడా మందగిస్తుంది. చిక్కదనమంటే బలమనే నమ్మకం వల్ల మంచి ఇంజన్లు పాడవుతుంటే చూడడం కష్టంగా ఉంటుంది.

ద్విచక్ర వాహనాల్లో మరో సంగతి ఉంది. మోటార్‌సైకిల్‌లో ఇంజన్‌కు, గేర్లకు, క్లచ్ ప్లేట్లకు సాధారణంగా ఒకే ఆయిల్. ఇంధనం ఆదా కోసం ఘర్షణను బాగా తగ్గించే రసాయనాలు కలిపిన కారు ఆయిల్‌ను బైకులో పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది. అందుకే జపాన్ ప్రమాణమైన జాసోలో ఎంఏ, ఎంఏ2 గుర్తులు తడి క్లచ్ ఉన్న బైకులకు, ఎంబీ గుర్తు ఆయిల్‌లో క్లచ్ మునగని స్కూటర్లకు కేటాయించారు. గేర్ల పళ్ల మధ్య నలగడం వల్ల ఆయిల్ చిక్కదనాన్ని నిలిపే పాలిమర్ అణువులు తెగిపోతాయి, కాబట్టి బైకులో ఆయిల్ కారులో కంటే త్వరగా పలుచబడుతుంది. కారులో మిగిలిపోయిన అర లీటరును బైకులో పోసే పొదుపును ఈ కారణం వల్ల నేను ఎవరికీ సిఫారసు చేయను.

2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్6 కాలుష్య నిబంధనల తరువాత డీజిల్ కార్ల విషయం ఇంకా సున్నితమైంది. పొగగొట్టంలోని డీపీఎఫ్ అనే వడపోత మసిని పట్టి కాల్చేయగలదు గానీ, ఆయిల్ రసాయనాల నుంచి వచ్చే బూడిదను కాల్చలేదు. అది అక్కడే పేరుకుంటుంది. తక్కువ బూడిద ఇచ్చే ఆయిల్, ఉదాహరణకు యూరప్ కార్ల తయారీదారుల సంఘమైన ఏసీఈఏ వారి సీ3 ప్రమాణపుది, మాన్యువల్‌లో అడిగి ఉంటే పాత డీజిల్ ఆయిల్ పోయడం ఖరీదైన నష్టానికి దారి తీస్తుంది. టర్బో పెట్రోల్ ఇంజన్లకు 2020 మే నెలలో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ వంటి ప్రమాణాలు అవసరం, ఎందుకంటే తక్కువ వేగంలో ఎక్కువ భారం పడినప్పుడు స్పార్క్‌కు ముందే ఇంధనం మండిపోయి పిస్టన్‌ను పగలగొట్టగల పరిస్థితిని ఆయిల్‌లోని రసాయనాల కూర్పు పెంచనూ గలదు, తగ్గించనూ గలదు.

ఆయిల్ మార్చే గడువు గురించి కొంత చెప్పాలి. చాలా పెట్రోల్ కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉంటుంది. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి గంటకు పైగా పాకుతూ వెళ్లే కారులో ఓడోమీటర్ కొద్దిగానే కదులుతుంది, ఇంజన్ మాత్రం ఆ గంటంతా తిరుగుతూనే ఉంటుంది. పిల్లలను బడిలో దింపి వచ్చేంత దూరమే నడిచే కారులో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు కనుక అందులో చేరిన తేమ, మండని పెట్రోలు ఆవిరైపోవు. అవే చివరికి మడ్డిగా మారతాయి. మాన్యువల్‌లో కఠిన వినియోగం అన్న పేరుతో ఉండే పేజీ సరిగ్గా ఇలాంటి బండ్ల కోసమే రాసినది. మన నగరంలో చాలా కార్లు ఆ కోవలోకే వస్తాయని నా అభిప్రాయం. రంగును చూసి నిర్ణయించడం మాత్రం సరికాదు: డీజిల్ ఇంజన్‌లో మంచి ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడుతుంది, అంటే మసిని తనలో నిలుపుకుంటూ తన పని తాను చేస్తోందన్నమాట.

ఒకే గ్రేడు, ఒకే ప్రమాణం ఉన్న రెండు పేరున్న కంపెనీల ఆయిల్స్ మధ్య, రోజూ ఆఫీసుకు వెళ్లివచ్చే సాధారణ బండికి చెప్పుకోదగ్గ తేడా ఉండదు. సర్వో, మ్యాక్ వంటి ప్రభుత్వరంగ సంస్థల ఆయిల్ మీద సరైన గుర్తులు ఉంటే నిశ్చింతగా వాడవచ్చు. టర్బో ఉన్నా, మాన్యువల్ అడిగినా, నిండా బరువుతో దూర ప్రయాణాలు చేస్తున్నా పూర్తి సింథటిక్‌కు పెట్టే డబ్బు వృథా కాదు. అంతకు మించి, సర్వీసుకు సర్వీసుకు మధ్య డిప్‌స్టిక్ తీసి మట్టం చూసుకోకపోతే ఎంత గొప్ప ఆయిల్ పోసినా ఇంజన్‌ను కాపాడలేదు.

నిజమైన ప్రమాదం కల్తీ సరుకులోనూ, డ్రమ్ము నుంచి కొలిచి పోసే లూజు ఆయిల్‌లోనూ ఉంది. వాడేసిన ఆయిల్‌లో బేస్ ఆయిల్ చాలావరకు మిగిలే ఉంటుంది; అరిగిపోయేది రసాయనాల శక్తి, చేరేది మలినం. శూన్య స్వేదనం (గాలి తీసేసిన పాత్రలో మరిగించి వేరుచేయడం), హైడ్రోజన్ శుద్ధి వంటి పద్ధతులతో దానిని మళ్లీ మంచి బేస్ ఆయిల్‌గా మార్చవచ్చు. అలా కాకుండా వడగట్టి, రంగు తీసి, పాత డబ్బాల్లో నింపి సీలు వేస్తే బయటికి తేడా తెలియదు. అందుకే అధీకృత దుకాణంలోనే కొనండి, సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూడండి, మీ ఎదుటే మూత తీయించండి, ఖాళీ డబ్బాకు అక్కడే చిల్లు పొడిపించండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్‌ను అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే ఇవ్వాలి. నేను ఏ షెడ్డుకు బండి ఇచ్చినా, తీసిన ఆయిల్ డ్రమ్మును ఎవరు తీసుకువెళతారో అడుగుతాను. సూటిగా జవాబు చెప్పగలిగిన మెకానిక్ దగ్గరే తరువాతి సర్వీసు చేయిస్తాను.