చేదబావికి తాడు పంపు: నా అనుభవం

మల్కాజిగిరిలో మా పాత ఇంటి చేదబావి 36 అడుగుల లోతు. నడి ఎండాకాలంలో నీళ్లు గట్టు నుంచి 28 అడుగుల కిందికి దిగుతాయి. మోటారు పెట్టకుండా ఆ నీళ్లు తోడడానికి తాడు పంపునే ఎంచుకున్నాను. పైన బిగించి పీల్చే చేతిపంపు ఈ లోతుకు (దాదాపు ఎనిమిదిన్నర మీటర్లు) పనికిరాదు. దాంట్లో నీటిని పైకి నెట్టేది గాలి ఒత్తిడి. 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో అది నీటిని ఎత్తగలిగేది లెక్కకు 9.7 మీటర్లే, అతుకుల్లో దూరే గాలి పోను నికరంగా ఏడు మీటర్లు దాటదు. తాడు పంపులో పీల్చడమే లేదు. పైనున్న చక్రం తిప్పితే, వలయంలా కలిపిన తాడు పైపులోంచి పైకి నడుస్తుంటే దానికి గుచ్చిన రబ్బరు బిళ్లలు నీళ్లను మోసుకొస్తాయి. నికరాగువా పల్లెల్లో 1980ల నుంచి వాడుతున్న పంపే ఇది.

మొదట తేల్చుకోవాల్సింది పైపు సైజు. తాడు మీద పడే నీటి బరువు ఐదారు కిలోలు దాటకపోతే ఇంట్లో ఎవరైనా తిప్పగలరు. 32 ఎంఎం పీవీసీ పైపులో మీటరుకు సుమారు 600 మిల్లీలీటర్లు పడతాయి. నీటిమట్టం నుంచి కుళాయి మూతి దాకా మాకు తొమ్మిదిన్నర మీటర్లు, అంటే దాదాపు 5.7 కిలోలు. ఆరు మీటర్ల లోపైతే 40 ఎంఎం, పదిహేను మీటర్లైతే 25 ఎంఎం తీసుకోవాలి.

ఈ పంపు ప్రాణమంతా బిళ్లలోనే ఉంది. పైపు మీద రాసి ఉండేది బయటి కొలత. గోడ మందాన్ని బట్టి లోపలి కొలత మారుతుంది కాబట్టి కొన్న పైపులోంచే ఒక ముక్క కోసి దాన్ని కొలతగా పెట్టుకున్నాను. లోపల 28 ఎంఎం ఉంటే బిళ్ల 27 నుంచి 27.5 ఎంఎం ఉండాలి. తడిపి ఆ ముక్కలో వేస్తే తన బరువుకే జారాలి. ఇరుక్కుంటే చెయ్యి పడిపోతుంది, మరీ వదులైతే ఎక్కిన నీళ్లు సందులోంచి జారిపోతాయి. ట్యూబు రబ్బరు పలచన, మడత పడిపోతుంది. పంక్చర్ షాపులో దొరికే పాత టైరు నుంచి ఐదారు మిల్లీమీటర్ల మందంతో కోయాలి. 6 ఎంఎం నైలాన్ తాడు మీద మీటరుకొక బిళ్ల, కిందా పైనా ముడి. నైలాన్ తడిస్తే సాగుతుంది. అందుకే తాడును ఒక రాత్రి నానబెట్టి, ఆ తర్వాతే పొడవు ఖాయం చేశాను. మా బావికి 25 మీటర్లు పట్టింది.

చక్రం 18 అంగుళాల మోటార్‌సైకిల్ టైరుది. రెండు పక్కగోడలు కోసి, తీగ ఉన్న అంచులు ఒకదానికొకటి ఆనేలా, కోసిన అంచులు బయటికి విచ్చుకునేలా బిగిస్తే తాడు ఆ గాడిలో పట్టుకుంటుంది. నున్నటి ఇనుప గిలక మీద తడి తాడు జారిపోతుంది. ఒక చుట్టుకు 1.4 మీటర్ల తాడు నడుస్తుంది. నిమిషానికి ముప్పై చుట్లు తిప్పితే, కారేది పోను 20 లీటర్లు వస్తాయి.

పైపు అడుగున సిమెంటు దిమ్మ. అందులో సిమెంటు మాలు నింపిన గాజు సీసాను అడ్డంగా పెడితే తాడు దాని చుట్టూ అరగకుండా మళ్లుతుంది. పైపు మూతిని వేడి చేసి గంటలా విప్పాలి, లేకపోతే ప్రతి బిళ్లా అక్కడ తట్టుకుంటుంది. అతుకుల్లో సొల్యూషన్ లోపలికి పొంగి గట్టిపడినా అదే బాధ. కాబట్టి సొల్యూషన్ పలచగా రాసి, కోసిన అంచుల్ని లోపలి వైపు కత్తితో గీకాను. పైన 63 ఎంఎం టీ (మూడు మూతుల అతుకు) పెట్టి, పక్క గొట్టం కూడా అంతే వెడల్పు ఉంచాలి. అక్కడ నీటి వేగం తగ్గి పక్కకు మళ్లుతుంది. ఇరుకు చేస్తే తాడు వెంట పైకి ఎగజిమ్ముతుంది.

దిమ్మ, పైపు, తాడు అన్నీ నేల మీదే కూర్చి, మోకులతో కిందికి దించాం. ఎన్నాళ్లుగానో మూసి ఉన్న బావిలో చెడు గాలి ఉంటుంది, ఎవర్నీ దింపకూడదు. బురద పైకి రాకుండా పైపు కింది మూతి బావి నేలకు ఒకటిన్నర అడుగుల ఎత్తులో ఉండాలి. ఇసుక వస్తే బిళ్లలు త్వరగా అరుగుతాయి.

ఇరుసుకు వెనక్కి తిరగనివ్వని పళ్ల చక్రం, ఆ పళ్లలో పడే నాలుక తప్పనిసరి. పైపు నిండా నీళ్లుండగా పిడి వదిలితే అది గిర్రున వెనక్కి తిరుగుతుంది, పక్కనున్న పిల్లల మూతి పగులుతుంది. ఈ ఒక్క సామాను దగ్గర మాత్రం పొదుపు చూడొద్దు.

నీళ్లు బావి గట్టు దాకే వస్తాయి. మిద్దె మీది ట్యాంకుకు ఎక్కాలంటే చక్రాన్నే అంత ఎత్తున పెట్టాలి, అప్పుడు పైపు సన్నబడాలి. నగరంలో వందల అడుగుల బోర్లకు ఇది చేతకాదు. మేం ఈ నీళ్లు మొక్కలకు, బట్టలకు, కడుగుళ్లకే వాడతాం. పరీక్ష చేయించకుండా తాగొద్దు.

నెమ్మదిగా తిప్పినప్పుడు నీళ్లు రాకుండా, వేగం పెంచితేనే వస్తుంటే బిళ్లలు అరిగాయని అర్థం. తాడు విప్పి కొత్త బిళ్లలు గుచ్చితే సరి, పైపును కదపనక్కర్లేదు.