మా నాన్నకి తెలిసిన రోశయ్య గారు

2021 డిసెంబరు 4న కొణిజేటి రోశయ్య గారు పోయారని టీవీలో చూసి నాన్న నాకు ఫోన్ చేశారు. బాధ కంటే కోపమే ఎక్కువ వినిపించింది ఆ గొంతులో. "పొద్దున్నుంచీ చూస్తున్నానమ్మా. అసెంబ్లీలో ఆయన చమత్కారాలు వేస్తున్నారు, ముఖ్యమంత్రిగా చేసిన 14 నెలల గురించి చెబుతున్నారు. 16 బడ్జెట్లు పెట్టిన మనిషి గురించి ఒక్క ముక్క సరిగా చెప్పడం లేదు" అన్నారు. ఆ రోజు నుంచి ఇది రాద్దామనుకుంటూనే ఉన్నాను.

మాది తెనాలి - రేపల్లె రైలు మార్గంలో ఒక ఊరు. రోశయ్య గారు పుట్టిన వేమూరు కూడా అదే లైన్లో వస్తుంది. నాన్న సబ్ ట్రెజరీలో, అంటే ప్రభుత్వ బిల్లులు పాస్ చేసి డబ్బు ఇచ్చే ఆఫీసులో, గుమాస్తా. రోశయ్య గారిని ఎప్పుడూ దగ్గరగా చూసింది లేదు, ఏ పనీ అడిగింది లేదు. కానీ బడ్జెట్ మర్నాడు మా ఇంట్లో పేపరు నాన్న చదివేదాకా ఇంకెవరూ ముట్టుకునేవాళ్ళు కాదు.

1992 మార్చి 31, ఆర్థిక సంవత్సరం ఆఖరి రోజు, నాకు బాగా గుర్తు. అప్పుడు ఏడో తరగతి చదువుతున్నాను. రాత్రి తొమ్మిదింటికి అన్నం క్యారేజీ పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. వరండా నిండా మనుషులే. హెడ్మాస్టర్లు, కాంట్రాక్టర్లు, పంచాయతీ వాళ్ళు, ఒక్కొక్కరి చేతిలో ఒక ఇత్తడి టోకెను. అది ఇచ్చారంటే బిల్లు లోపలికి వెళ్ళినట్టు. ఆ రాత్రి పన్నెండు లోపు పాసవ్వకపోతే ఆ పద్దు కింద మంజూరైన డబ్బు మురిగిపోతుంది. నాన్న బల్ల మీద ఎర్ర నాడా కట్టిన బిల్లుల కట్టలు నా భుజం ఎత్తున ఉన్నాయి. ఒక ముసలి మాస్టారు బిల్లులో పద్దు నంబరు తప్పు పడిందని నాన్న వెనక్కి ఇచ్చేశారు. ఆయన గోడకి ఆనుకుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టారు. నాన్న తన క్యారేజీలోంచి ఒక గిన్నె తీసి ఆయనకి ఇచ్చారు. బిల్లు మాత్రం సరిచేసి తెచ్చాకే తీసుకున్నారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు అడిగాను, "అందరికీ ఇచ్చేయొచ్చు కదా నాన్నా" అని. "జీతాలు, పింఛన్లు ముందు. తర్వాత మిగతావి. పెట్టెలో ఎంతుందో చూసుకోకుండా ఇస్తే వచ్చే నెల జీతాలకి ఉండదు. పైన రోశయ్య గారు చేసేదీ ఇదే పని, కాకపోతే రాష్ట్రమంతటికీ" అన్నారు. అప్పుడు ఆయన ఆర్థిక మంత్రి. నేనిప్పుడు కాలేజీలో కామర్స్ చెబుతున్నాను. బడ్జెట్ అంటే ఏమిటో అంతకంటే తేలిగ్గా నాకూ చెప్పడం రాదు.

రోశయ్య గారూ గుంటూరు హిందూ కాలేజీలో కామర్స్ చదివినవారే. రైతు నాయకుడు ఎన్జీ రంగా గారి శిష్యుడు. 1968లో శాసనమండలికి వెళ్ళారు, 1985లో మండలి రద్దయ్యింది. 1989లో చీరాల నుంచి అసెంబ్లీకి, 1998లో నరసరావుపేట నుంచి లోక్‌సభకు, 2004లో మళ్ళీ చీరాల నుంచి గెలిచారు. చెన్నారెడ్డి, అంజయ్య, కోట్ల, నేదురుమల్లి, వైఎస్... ఒకరితో ఒకరికి పడని ముఖ్యమంత్రులు కూడా వీళ్ళలో ఉన్నారు. అందరూ ఆయన్ని మంత్రిగా పెట్టుకున్నారు. ఆయన వెనక పెద్ద వర్గం లేదు, లెక్కలోకి వచ్చేంత కులబలమూ లేదు. ఆయన దగ్గర ఉన్నది లెక్క తెలియడం, నోరు జాగ్రత్తగా వాడటం. రాజకీయాల్లో ఈ రెండింటితో అంత కాలం నిలబడటం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

2004 మేలో వైఎస్ ప్రమాణ స్వీకారం చేసిన రోజే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. ఊళ్ళో అందరూ ఆ సంతకం గురించే మాట్లాడుకున్నారు. ఏటా దానికి డబ్బు సర్దాల్సింది రోశయ్య గారు. తర్వాత ఆరోగ్యశ్రీ వచ్చింది, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. 2008-09లో రాష్ట్ర బడ్జెట్ లక్ష కోట్లు దాటింది. ఆ పథకాలతో మేలు జరిగిన ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. ఆ ఇళ్ళల్లో వైఎస్ ఫోటో ఉంటుంది. ఉండాల్సిందే. రోశయ్య గారి ఫోటో మాత్రం ఎక్కడా చూడలేదు.

2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో వైఎస్ పోయారు. మర్నాడు రోశయ్య గారు ముఖ్యమంత్రి. అప్పటికి 76 ఏళ్ళు. నెల తిరక్కుండానే కర్నూలు మునిగింది. ఆ నీళ్ళే కిందికి వచ్చి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటాయి. మా వైపు కరకట్ట మీద రాత్రంతా ఇసుక బస్తాలు వేశారు. ఆయన పుట్టిన ఊరికి దగ్గర్లోని లంకలే నీళ్ళలో ఉన్నాయి. ఆ తర్వాత తెలంగాణ ఉద్యమం, తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని కేంద్రం చేసిన డిసెంబరు 9 ప్రకటన, రాష్ట్రమంతా బందులు. ఆ కుర్చీ కోసం ఎంతమంది కాచుక్కూచున్నారో అందరికీ తెలుసు. అంత టెన్షన్‌లోనూ 2010లో బడ్జెట్ ఆయనే పెట్టారు. వరసగా అది ఏడోది.

 

2010 నవంబరు 24న, వయసు, పని ఒత్తిడి అని చెప్పి రాజీనామా చేశారు. నాన్న అప్పటికే రిటైరయ్యారు. సాయంత్రం మా అరుగు మీద నలుగురూ చేరి ముఖ్యమంత్రి ఎవరవుతారా అని తెగ మాట్లాడుకుంటున్నారు. నాన్న చాలాసేపు విని, "ఫిబ్రవరిలో బడ్జెట్ ఎవరు పెడతారో?" అన్నారు. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆనం రామనారాయణరెడ్డి గారు పెట్టారు. మర్నాడు పేపరు నాన్న కంటే ముందు నేనే చదివాను.