మదర్సాలో అసలేం చెప్తారు?

మా ఆఫీసులో మదర్సా మాటొస్తే చాలు, అక్కడ ఖురాన్ బట్టీ తప్ప ఇంకేం ఉండదంట అని మొదలెడతారు, పాతబస్తీలో ఉన్న జామియా నిజామియా అనే మదర్సా గేటు వైపు కూడా వెళ్లనోళ్లు. చాలా మదర్సాల్లో నడిచే దర్సె నిజామీ సిలబస్‌ 18వ శతాబ్దంలో లక్నోలో ముల్లా నిజాముద్దీన్ తయారుచేసింది, అరబ్బీ వ్యాకరణం, తర్కం, ఫిఖ్ (ఇస్లామిక్ న్యాయశాస్త్రం), హదీసు (ప్రవక్త మాటలు, చేతలు) అన్నీ ఉంటాయి. హిఫ్జ్, అంటే ఖురాన్ మొత్తం కంఠస్థం చేసే పిల్లల కథ వేరు, రెహల్ (పుస్తకం పెట్టుకునే చెక్క స్టాండు) మీద ఖురాన్ పెట్టుకుని ఊగుతూ చదివి, ఉస్తాద్ ముందు చూడకుండా అప్పజెప్పాలి. సైన్సు, ఇంగ్లీషు తక్కువన్న కంప్లయింట్ చాలా చోట్ల నిజమే, అది మారాల్సిందే అంటా నేను. కానీ ముస్లిం పిల్లలంతా అక్కడే ఉంటారన్నది ఉత్త మాట, బడి వయసు వాళ్లలో మదర్సాకెళ్లేది 3-4 శాతమేనని 2006లో, ముస్లింల స్థితిగతుల మీద కేంద్రం వేసిన సచార్ కమిటీయే చెప్పింది. సర్కారు మైనారిటీ గురుకులాల్ని కూడా మదర్సాలంటారు కొందరు, అవి ఇంగ్లీషు మీడియం రా బాబూ!