నాలుగు గంటల వెనుక ఉన్న రోజు

మూత్రపిండాలు పనిచేయడం మానేశాక, వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 4 గంటలు డయాలసిస్, అంటే యంత్రంతో రక్తాన్ని శుభ్రం, చేయించుకోవాలని డాక్టరుగారు చెప్పినప్పుడు మా ఇంట్లో అందరం వేసుకున్న లెక్క 12 గంటలు. "నాలుగు గంటలే కదండీ టీచరుగారూ, మిగతా రోజుల్లో బడికి వచ్చేయొచ్చు" అని మా ప్రధానోపాధ్యాయులు ధైర్యం చెప్పారు. ఆయన ఎంతో ఆప్యాయంగా అన్న మాట అది. కానీ ఆ లెక్కలోకి రాని సమయమే ఎక్కువ.

మాది సఖినేటిపల్లి మండలంలో ఒక పల్లె. డయాలసిస్‌కు వెళ్లాలంటే రేవుకు చేరి, పంటు మీద గోదావరి పాయ వశిష్ఠను దాటి, నరసాపురంలో బస్సెక్కాలి. వరద వచ్చి పంటు ఆపేస్తే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవాలి. అక్కడ మనకంటే ముందున్నవారిది పూర్తయి యంత్రం శుభ్రం చేసేదాకా ఆగాలి. సూదులు తీశాక రక్తం ఆగేదాకా చెయ్యి అదిమిపట్టుకుని కూర్చోవాలి. బీపీ పడిపోతే అది నిలదొక్కుకునేదాకా పడుకోవాలి. ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. మర్నాడు మధ్యాహ్నం దాటితే గాని ఒంట్లోకి సత్తువ వచ్చేది కాదు, ఆ మరుసటి రోజే మళ్లీ ప్రయాణం.

యంత్రం లేని రోజులూ పూర్తిగా నావి కావు. లేవగానే బరువు చూసుకోవాలి, చేతిలోని ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) మీద వేళ్లు ఆనించి రక్తం పారుతున్న అదురు తెలుస్తోందో లేదో చూడాలి, రోజంతటికీ తాగే నీళ్లు సీసాలో కొలిచి పెట్టుకోవాలి. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది గనుక కూరగాయలు చెక్కు తీసి, సన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో గంటల తరబడి నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి అప్పుడు వండాలి. దొడ్డి నిండా కొబ్బరి, అరటి ఉన్న కోనసీమ ఇంట్లో కొబ్బరినీళ్లూ, చక్కెరకేళీ నాకు నిషేధం. "కూరల సంగతి నాకొదిలెయ్యమ్మా, నువ్వు పిల్లల పుస్తకాలు దిద్దుకో" అని అత్తయ్యగారు ఆ పని తన మీద వేసుకున్నారు. అలా నా జబ్బు ఆవిడ ఉదయాలను కూడా తీసుకుంది. ఏ ఆసుపత్రి కాగితంలోనూ ఆ గంటలు కనిపించవు. కనిపించాలని నా అభిప్రాయం.

తరువాత డాక్టరుగారి సలహా మీద సీఏపీడీకి, అంటే యంత్రం లేకుండా ఇంట్లోనే పొట్ట ద్వారా చేసుకునే డయాలసిస్‌కు మారాను. పొట్టలో అమర్చిన మెత్తని గొట్టం ద్వారా 2 లీటర్ల ద్రవం ఎక్కించుకుంటే, కడుపు లోపలి పొర గుండా రక్తంలోని మలినాలు అందులోకి చేరతాయి. కొన్ని గంటల తరువాత దాన్ని దించి కొత్త బ్యాగు ఎక్కించాలి. నాకు రోజుకు నాలుగు మార్పిడులు, ఒక్కోదానికి దాదాపు 40 నిమిషాలు. తలుపులు వేసి, ఫ్యాను ఆపి, మాస్కు కట్టుకుని, చేతులు శ్రద్ధగా కడుక్కోవాలి. వేసవి ఉక్కలో ఇది నిజంగా కష్టం. దిగిన ద్రవాన్ని తూచి పుస్తకంలో రాయాలి, బ్యాగు కింద అచ్చుకాగితం పెట్టి అక్షరాలు కనబడుతున్నాయో లేదో చూడాలి. ద్రవం మసకబారితే లోపల ఇన్ఫెక్షన్ చేరినట్టు అనుమానించి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నెలకు 120 బ్యాగులు కావాలి. వాటిని చెమ్మ తగలకుండా పెట్టడానికి పడకగదిలో సగం ఇచ్చేశాం.

కాగితం మీద చూస్తే వారానికి 18 గంటలు దాటింది, అంటే మునుపటి 12 కంటే ఎక్కువే. అయినా నా జీవితం నాకు తిరిగి దొరికింది ఈ పద్ధతిలోనే, ఎందుకంటే ఈ గంటలు నా ఇంట్లో, నేను పెట్టుకున్న వేళల్లో గడుస్తాయి, వాటి వెనుక మంచాన పడే మర్నాడు ఉండదు. ఈ పద్ధతి అందరికీ కుదరదు; పొట్టకు పెద్ద ఆపరేషన్లు అయినవారికి, శుభ్రమైన గది లేనివారికి యంత్రమే మేలు కావచ్చు. కానీ ఏ చికిత్స మంచిదో చెప్పేటప్పుడు రోగి ఇల్లు రేవుకు ఎంత దూరం, వంట ఎవరు చేస్తారు, మర్నాడు పనికి వెళ్లగలరా అని కూడా అడగాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఇప్పుడు పూర్తి రోజులు బడిలో ఉంటున్నాను. భోజన విరామానికి కాస్త ముందే ఇంటికి వెళ్లి మధ్యాహ్నపు బ్యాగు మార్చుకుని వస్తాను. ఆ కాసేపు నా తరగతిని తోటి ఉపాధ్యాయిని చూస్తారు. ఈమధ్య రక్తపరీక్ష చూసి డాక్టరుగారు అప్పుడప్పుడు ఒక అరటిపండు తినవచ్చన్నారు. భీష్మ ఏకాదశికి అంతర్వేది వెళ్లి, అక్కడి చుట్టాలింట్లో ఒక గది తుడిపించుకుని బ్యాగు మార్చుకున్నాక, అత్తయ్యగారితో కలిసి స్వామివారి రథం చూశాను.