షీరాజ్ నుంచి దిష్టితోరణం తెచ్చుకోబోయి...

నిన్న తెల్లవారుజామున ఇల్లు చేరాను. కోపం ఇంకా చల్లారలేదు.

కొత్తింటి గుమ్మానికి కడదామని ఇరాన్‌లో, షీరాజ్ వకీల్ బజారులో ఒక ఇస్ఫంద్ తోరణం కొన్నాను. ఇస్ఫంద్ ఎండు నేలల్లో దానంతటదే మొలిచే మొక్క. బఠాణీ గింజంత ఉండే ఎండుకాయల్ని దారానికి గుచ్చి, ముగ్గులో గళ్లలా అల్లి, మధ్యమధ్య ఎర్రటి, పచ్చటి గుడ్డపీలికలు కడతారు. కింద ఊలు కుచ్చులు. దిష్టి తగలకూడదని పల్లె ఇళ్లలో వేలాడదీస్తారు.

అమ్మిన పెద్దావిడ కాసిని గింజలు నిప్పుల మీద వేసింది. చిటపటా పేలాయి. ఆవిడ పాడినదాన్ని గైడు అమ్మాయి విడమరిచి చెప్పింది: శనివారం పుట్టినవాళ్లు, ఆదివారం పుట్టినవాళ్లు అంటూ వారాలన్నీ వరసపెట్టి, చివరికి 'అసూయపడే కన్ను పగిలిపోవాలి' అంటారట. ఉప్పూ మిరపకాయలూ తిప్పి 'ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి' అంటూ పొయ్యిలో వేసే మా అమ్మమ్మే గుర్తొచ్చింది. బేరమాడలేదు.

వీసా ఆన్‌లైన్‌లో వచ్చింది. మన కార్డులు అక్కడ చెల్లవు, డాలర్లు పట్టుకెళ్లాలి. ధర తోమాన్లలో చెబుతారు, నోట్ల మీద రియాళ్లుంటాయి. తోమాన్‌కు 10 రియాళ్లు. రెండు రోజుల్లో అలవాటైపోయింది.

ఇక్కడ దిగాక మొదలైంది అసలు బాధ. కస్టమ్స్ డిక్లరేషన్‌లో విత్తనాలు, మొక్కలు తెస్తున్నారా అని అడుగుతారు. తోరణాన్ని నేను విత్తనం అనుకోలేదు. చెప్పాల్సిన సామాను ఏదీ లేనివాళ్లు వెళ్లే గ్రీన్ చానెల్‌లోకి నడిచాను. స్కానర్ దగ్గర ఆపి, పెట్టె విప్పించారు. ఒకాయన తోరణాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, "ఏంటి మేడం, చేతబడి సామానా?" అన్నాడు. పక్కనున్నవాళ్లు పకపకా నవ్వారు. వెనక మా అత్తగారు, లైన్లో ఊరివాళ్లూ పరాయివాళ్లూ. ఆవిడ ముఖం చూడలేకపోయాను. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టని ఇల్లు ఆయన వీధిలో ఒక్కటుందా? మనది నమ్మకం, పరాయి దేశం వాళ్లది చేతబడి!

గంటన్నర నిలబెట్టారు. తర్వాత వచ్చిన ప్లాంట్ క్వారంటైన్ అధికారి మాత్రం కుర్చీ వేయించి మాట్లాడాడు. 2003 నాటి ఉత్తర్వు ప్రకారం విత్తనాలు తేవాలంటే ముందుగా ఇక్కడి పర్మిట్టూ, వాటికి చీడపీడలు లేవని ఆ దేశం ఇచ్చే సర్టిఫికెట్టూ ఉండాలట. గింజతో పురుగో తెగులో వస్తే నష్టపోయేది రైతు అన్నాడు. అది ఒప్పుకుంటాను, మాదీ వ్యవసాయం చేసిన ఇల్లే. కాయలు వదిలేస్తాను, గుడ్డా కుచ్చులూ ఇవ్వండి అన్నాను. సరేనన్నాడు. ఆయన తెప్పించిన కత్తెరతో, అందరూ చూస్తుండగా, ఒక్కో కాయా నేనే తీసి పళ్లెంలో వేశాను. ఎవరో గుచ్చిన ముడులు అవి. చేతులు వణికాయి. సంతకం పెట్టి వచ్చేశాను.

మీరు వెళితే ఇస్ఫహాన్ మీనాకారీ పళ్లెం తెచ్చుకోండి, రాగి మీద నీలం రంగు ఎనామిల్ పని; సూర్యుడికి ఆడముఖం గీసిన పలకలుంటాయి, వాటిని ఖుర్షీద్ ఖానుమ్ అంటారు, అవీ బాగుంటాయి. గింజ, కాయ, ఎండుపువ్వు ఉన్నదేదీ వద్దు. "ఏం ఫరవాలేదు, అందరూ తీసుకెళతారు" అన్న గైడు మాట అసలు నమ్మకండి. తప్పక తెస్తే మీరే రెడ్ చానెల్‌కి వెళ్లి చెప్పండి.

ఈ గింజలే మన పాతబస్తీలో ఇస్బంద్ పేరుతో పొట్లాలు కట్టి అమ్ముతారు. ఈ పొద్దున ఒకటి తెప్పించాను. షీరాజ్ గుడ్డపీలికల్ని చిన్న చిన్న మూటలు కట్టి, గింజలు పోసి, ఆ కుచ్చులతోనే వరసగా గుచ్చాను. గుమ్మానికి మేకు కొట్టింది మా అత్తగారు.